కిలిమంజారోకు ఎన్ని రోజుల సెలవు పెట్టాలి?

మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పోయిన నెల ఒక రాత్రి వాట్సాప్‌లో మూడు కిలిమంజారో ప్యాకేజీల స్క్రీన్‌షాట్లు పంపి, కింద ఒక్క ముక్క రాశాడు: "అన్నా, ఐదు రోజులది చాలదా? మిగిలినవి జాంజిబార్ బీచ్‌లో గడిపేస్తా." వాడి లెక్క వాడికుంది. ఐదు సెలవులు, అటూ ఇటూ రెండు వారాంతాలు, మొత్తం తొమ్మిది రోజులు. రానూ పోనూ రెండు రోజులు తీసేసినా కొండకు ఐదు, సముద్రానికి రెండు. పైగా వాడు రోజూ జిమ్‌కు పోతాడు, హాఫ్ మారథాన్ కూడా పరిగెత్తాడు. అలాంటివాడికి కొండమీద ఐదు రోజులు ఎందుకు చాలవు?

చాలవు. ఎందుకు చాలవో చెప్పడానికి ఆ రాత్రి ఫోన్‌లో గంట పట్టింది. ఏ దారిన వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది, ఏ నెల మంచిది, ఏ మాత్రలు వేసుకోవాలి అని జనం విడివిడిగా అడుగుతారు గానీ, తీగ లాగితే అన్నీ ఒకే డొంకకు పోతాయి. ఈ కొండ దగ్గర అమ్మేదీ కొనేదీ రోజుల్నే.

ముందు ఎత్తు సంగతి. టాంజానియా ఉత్తరాన, కెన్యా సరిహద్దు పక్కనే, చుట్టూ మైదానం మధ్య ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం కిలిమంజారో. షిరా, మావెంజీ, కిబో అని మూడు శిఖరాలు. అన్నిటికంటే పొడవైన కిబో అంచు మీద ఉంది ఉహూరు శిఖరం, 5,895 మీటర్లు. ఉహూరు అంటే స్వాహిలీలో స్వేచ్ఛ. 1961లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పెట్టిన పేరది. మామూలు దారుల్లో తాళ్లతో, మంచు గొడ్డళ్లతో పని లేదు. బరాంకో గోడ అనే చోట ఓ గంటసేపు చేతులు కూడా ఆనించి ఎక్కాలి, అంతే. తక్కినదంతా నడకే. అందుకే "నడవగలిగిన వాళ్లెవరైనా ఎక్కేయొచ్చు" అనే మాట పుట్టింది. ఆ మాటలో సగం నిజం. ఆ సగమే మనుషుల్ని ముంచుతుంది.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో ఇబ్బంది. తూర్పు కనుమల్లో పేరున్న శిఖరం అరకు దగ్గరి అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు. కిలిమంజారోకు వెళ్లే మచామే దారిలో పేరు రాయించుకునే గేటే 1,800 మీటర్ల దగ్గరుంది. అంటే మన కొండలు ఆగిపోయిన ఎత్తుకు పైన అక్కడ నడక మొదలవుతుంది. తిరుమల మెట్లు వారానికోసారి ఎక్కినా, అనంతగిరి అడవులు చుట్టేసినా కాళ్లు గట్టిపడతాయి గానీ ఎత్తు మాత్రం అలవాటు కాదు.

ఎత్తుకు అలవాటు పడటం అంటే ఏమిటి? పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. విశాఖ బీచ్‌లో ఉన్న 21 శాతమే ఉహూరు మీదా ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. శిఖరం దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు సగం. గాలి పలచబడింది కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికి వచ్చే ఆక్సిజన్ కూడా సగమే.

ఒంటికి ఇది తెలియగానే ఊపిరి జోరు పెంచుతుంది. ఇక్కడే ఒక పీటముడి పడుతుంది. గబగబా ఊపిరి తీస్తే ఆక్సిజన్ వస్తుంది, కానీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మామూలుకంటే ఎక్కువ బయటికి పోతుంది. అది తగ్గితే రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. మెదడు దాన్ని పసిగట్టి, ఇక చాలు నెమ్మదించు అని ఊపిరికి కళ్లెం వేస్తుంది. ఆక్సిజన్ చాలక ఒకవైపు లాగుడు, కళ్లెం ఇంకోవైపు. రాత్రి టెంట్‌లో ఈ తగాదా చెవులకు వినిపిస్తుంది. పక్కనున్న మనిషి నాలుగు ఊపిరులు ఆత్రంగా తీసి, ఉన్నట్టుండి ఆపేస్తాడు. ఐదు సెకన్లు, పది సెకన్లు, చప్పుడే ఉండదు. మనం లేచి టార్చి వెతుక్కునేలోపు ఉలిక్కిపడ్డట్టు మళ్లీ పీలుస్తాడు. మొదటిసారి విన్నవాళ్లకు గుండె జారుతుంది గానీ ఆ ఎత్తులో అది మామూలే.

ఈ ముడి విప్పేవి మూత్రపిండాలు. రక్తంలో ఎక్కువైన, క్షారగుణమున్న బైకార్బొనేట్‌ను మూత్రంలో బయటికి తోసేస్తాయి, క్షారగుణం సర్దుకుంటుంది, మెదడు కళ్లెం వదులుతుంది, ఊపిరి కావలసినంత జోరుగా ఆడుతుంది. ఈ పనికి గంటలు చాలవు, రోజులు పడతాయి. కండలున్నా పట్టుదలున్నా అది తొందరపడదు. ఎర్ర రక్తకణాలు పెరుగుతాయనే మాట కూడా నిజమే కానీ అది వారాల వ్యవహారం, వారంలో ఎక్కి దిగేవాడికి దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. జిమ్‌లో పెంచుకున్న దమ్ము కూడా ఈ విషయంలో అక్కరకు రాదు. నిజానికి దమ్మున్న కుర్రాళ్లకే ముప్పు ఎక్కువ. వాళ్లు మొదటి రెండు రోజులు గైడ్‌ను దాటి పరుగెడతారు, మూడో రోజు మధ్యాహ్నం రాయి మీద కూర్చుని తల పట్టుకుంటారు.

గైడ్లు దారి పొడుగునా అనే మాట "పోలే పోలే". స్వాహిలీలో మెల్లమెల్లగా అని. తెలంగాణ చెవికి మాత్రం అది వేరేలా వినిపిస్తుంది, పోలే అంటే పోలేదని కదా. వినగానే నవ్వొస్తుంది కానీ అర్థం ఒకటే అనుకోండి. పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగితే సరైన వేగం. మాట మధ్యలో ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు.

ఎత్తైన చోట్ల వైద్యం తెలిసిన వాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్న చోటి కంటే రేపు రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎక్కామన్నది కాదు, ఎక్కడ పడుకున్నామన్నది లెక్క. దీన్ని పట్టుకుని మావాడు పంపిన ప్యాకేజీలు చూడండి.

ఐదు రోజులది మరాంగు దారి. కొండమీద టెంట్లు కాకుండా గుడిసెల్లో పరుపుల మీద పడుకునే దారి ఇదొక్కటే. దీన్ని కోకాకోలా రూట్ అని కూడా అంటారు. రాత్రులు వరసగా మండారాలో 2,720, హోరోంబోలో 3,720, కిబో గుడిసెలో దాదాపు 4,720 మీటర్ల దగ్గర. ఒక్కో రాత్రికి వెయ్యి చొప్పున. డాక్టర్లు చెప్పినదానికి రెట్టింపు. ఆ పైన అర్ధరాత్రి లేచి 5,895కు. నాలుగో రోజు తెల్లవారేసరికి శిఖరం మీద ఉండాలన్న మాట. కొందరు ఉంటారు కూడా. వాళ్ల ఫొటోలే మనకు కనిపిస్తాయి. హోరోంబోలో ఒక రోజు అదనంగా ఆగితే ఇదే దారి చాలా మెరుగుపడుతుంది, కానీ అప్పుడది ఆరు రోజులవుతుంది.

మచామే దారి సంగతి వేరు. మొదటి రాత్రి 2,850 దగ్గర, రెండోది షిరా పీఠభూమి మీద 3,840 దగ్గర. ఇక్కడిదాకా ఇదీ దూకుడే. మూడో రోజే దీని గొప్పతనం. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి లావా టవర్ అనే నల్లరాతి స్తంభం దాకా, సుమారు 4,600 మీటర్లు, ఎక్కిస్తారు. అక్కడే భోజనం. చాలామందికి తల దిమ్మెక్కేది, తిండి సయించనిది అక్కడే. మళ్లీ సాయంత్రానికి 3,950 దగ్గరున్న బరాంకోకు దించేస్తారు. ఆరు వందల మీటర్లు ఊరికే ఎక్కి ఊరికే దిగినట్టు అనిపిస్తుంది. ఒళ్లు మాత్రం 4,600 రుచి చూసి, నిద్ర 3,950లో పోతుంది. ఎక్కువ ఎత్తుకు ఎక్కి తక్కువ ఎత్తులో పడుకోవడం అనేది ఈ కొండ మీద ఇంత బాగా కుదిరే రోజు ఇంకొకటి లేదు. బరాంకోలో గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. దిగేటప్పుడు వాగు పక్కన మనిషికి రెండింతల ఎత్తున చెట్లు నిలబడి ఉంటాయి, ఒంటినిండా ఎండిన ఆకుల్నే దుప్పటిలా కప్పుకుని, నెత్తిన క్యాబేజీ పెట్టుకున్నట్టుగా. డెండ్రోసెనెషియో కిలిమంజారీ అని వాటి పేరు. అవి చలికి వేసుకున్న ఏర్పాటే ఆ ఎండుటాకుల దుప్పటి. సాయంత్రం మంచు తెరలో వాటిని చూస్తే మనుషులు నిలబడ్డారేమో అనిపిస్తుంది.

మచామేలో ఆరు రోజులది, ఏడు రోజులది అని రెండున్నాయి. తేడా ఒక్క రాత్రి. ఏడు రోజుల్లో బరాంకో తర్వాత 4,000 మీటర్ల దగ్గరి కరంగాలో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి 4,670 దగ్గరున్న బరాఫు చేరి, సాయంత్రం దాకా నడుం వాల్చి, అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరతారు. ఆరు రోజుల్లో కరంగాలో ఆగరు. ఒకే రోజు బరాంకో గోడెక్కి, లోయలు దాటి, బరాఫుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. అన్నం తిన్నామనిపించి, మూడు నాలుగు గంటలు కళ్లు మూసి, అదే రాత్రి మళ్లీ 1,200 మీటర్లు ఎక్కాలి. నన్నడిగితే ఈ కొండ మీద డబ్బు పెట్టి కొనదగ్గ వస్తువు కరంగా రాత్రే.

లెమోషో దారి ఎనిమిది రోజులది. పడమటి నుంచి మొదలై షిరా పీఠభూమి మీద రెండు రాత్రులు గడిపి, లావా టవర్ దగ్గర మచామే దారిలో కలుస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా నలభై దాటి ఎత్తు ఎరగని వాళ్లకు, నేను చెప్పేది ఇదే. ఉత్తరం నుంచి రొంగై దారి ఉంది, వానలు తక్కువ పడే వైపు. కొండను చుట్టి తొమ్మిది రోజులు నడిచే నార్తర్న్ సర్క్యూట్ ఉంది, సెలవులకు కొదవ లేనివాళ్లకు. ఉంబ్వే నిటారుగా పోతుంది, దాని జోలికి పోవద్దు.

మావాడి సెలవుల లెక్కకు వద్దాం. హైదరాబాద్ నుంచి కిలిమంజారో విమానాశ్రయానికి నేరుగా విమానం లేదు. అడిస్ అబాబాలోనో, దోహాలోనో, నైరోబీలోనో మారాలి. వెళ్లడానికి ఒక రోజు, కొండ కిందున్న మోషీ అనే ఊళ్లో నిద్ర తీరి సామాను సరిచూసుకోవడానికి ఒక రోజు, తిరిగి రావడానికి ఒక రోజు. తొమ్మిదిలో మూడు పోతే ఆరు. ఆరు రోజుల మచామే ప్యాకేజీలు అంత జోరుగా అమ్ముడుపోవడానికి కారణం కొండ కాదు, ఆఫీసు క్యాలెండర్. ఐదు సెలవుల్లో సరిగ్గా ఇమిడేది అదే. ఇంకొక్క సెలవు దొరికితే, ఆరు సెలవులతో, ఏడు రోజుల మచామే వస్తుంది. లెమోషోకు కాస్త ఊపిరి తీసుకునే వీలుతో ఎనిమిది సెలవులు పెట్టుకోవాలి. శనివారం బయల్దేరి పై వారం తర్వాతి బుధవారానికి ఇంట్లో ఉండొచ్చు.

డబ్బు లెక్క కూడా రోజుల లెక్కే. ఈ కొండ జాతీయ పార్కు, లైసెన్సున్న గైడ్ లేకుండా ఎక్కనివ్వరు. విదేశీయుల దగ్గర పార్కువాళ్లు కొన్నేళ్లుగా వసూలు చేస్తున్న ఫీజులు ఇలా ఉన్నాయి: రోజుకు 70 డాలర్ల ప్రవేశ రుసుము, టెంట్ వేస్తే రాత్రికి 50, మరాంగు గుడిసెకైతే 60, రెస్క్యూ ఫీజు మొత్తానికి 20, వీటన్నిటి మీదా 18 శాతం వ్యాట్. డబ్బు కట్టే ముందు తాజా ధరలు చూసుకోండి, లెక్క వేసే తీరు మాత్రం మారదు. ఏడు రోజులు, ఆరు రాత్రులకు 490, 300, 20 కలిపి 810 డాలర్లు. పన్నుతో 950 దాటుతుంది. ఇదంతా నేరుగా ప్రభుత్వానికి పోయే డబ్బు. కంపెనీ చేతిలో ఒక్క సెంటు మిగలదు.

ఇప్పుడు ఎవరైనా ఏడు రోజుల మచామే 1,200 డాలర్లకే అంటే ఏం జరుగుతున్నట్టు? మిగిలిన 250లో గైడ్, వంటవాడు, సామాను మోసే పోర్టర్లు, వారం తిండి, టెంట్లు, గేటు దాకా బండి, కంపెనీ లాభం, అన్నీ రావాలి. రావు. ఎవరి కడుపో కొట్టాలి. సాధారణంగా ఆ కడుపు పోర్టర్‌ది. ఒక్కో ట్రెక్కర్ వెనుక ముగ్గురు నలుగురు పోర్టర్లు ఉంటారు. గేటు దగ్గర తక్కెడ మీద సంచులు తూచడం చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. ఒక్కొక్కరికి 20 కిలోలకు మించి కంపెనీ సామాను ఎత్తకూడదన్నది నియమం. వంటపాత్రలు, గ్యాస్ బండ, కుర్చీలు, కోడిగుడ్ల అట్టలు, వరసగా తూకం పడతాయి. మనం ఒక్కొక్కరం 15 కిలోల సంచి ఇచ్చి చేతులూపుకుంటూ నడుస్తాం. వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని మనల్ని దాటిపోయి, మనం చేరేసరికి టెంట్ వేసి, వేడినీళ్ల గిన్నె పెట్టి నిలబడి ఉంటారు. మనం నెమ్మదిగా నడవడం ఆరోగ్యం కోసం, వాళ్లు పరుగెత్తడం కూలి కోసం.

కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని 2003 నుంచి పనిచేస్తున్న సంస్థ ఒకటి ఉంది. పోర్టర్లకు సరైన కూలి, మూడు పూటల తిండి, పడుకోవడానికి మంచి టెంట్ ఇస్తున్నారో లేదో గమనించి, సరిగా నడిచే కంపెనీల జాబితా పెడుతుంది. ప్యాకేజీ తీసుకునే ముందు ఆ జాబితా చూడటానికి ఐదు నిమిషాలు చాలు. చివర్లో ఇచ్చే టిప్పు వేరు, అది అక్కడి ఆనవాయితీ. గ్రూపును బట్టి మారుతుంది, మనిషికి 250 డాలర్ల దాకా పక్కన పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ప్యాకేజీ ధరలో అది కలవదు కాబట్టి ముందే బడ్జెట్‌లో రాసుకోండి.

ఒక రోజు పెంచితే ఎంత పడుతుంది? ఫీజు 120 డాలర్లు, పన్నుతో 142 దాకా, రూపాయల్లో పన్నెండు వేల పైమాటే. పైన కూలీ, తిండి. విమానం టికెట్టు, బూట్లు, జాకెట్టు, వీసా అన్నిటి మీద లక్షలు ఖర్చుపెట్టి, ఆ పన్నెండు వేల దగ్గర చేతులు ముడుచుకునేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. పెళ్లికి అంతా ఘనంగా చేసి పురోహితుడి దగ్గర బేరమాడినట్టు.

రోజుల విలువ మొదట తెలుసుకున్నవాడు జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడు హాన్స్ మేయర్. 1887లో వెళ్లి పైనున్న మంచును దాటలేక వెనక్కి వచ్చాడు. మరుసటి ఏడు తీరప్రాంతంలో తిరుగుబాటులో చిక్కి, బందీ అయి బయటపడ్డాడు. 1889లో ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌ను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు పద్ధతి మార్చాడు. కొండ మీద అక్కడక్కడా మకాంలు వేసి, కింది నుంచి తిండి అందే ఏర్పాటు చేసుకున్నాడు. ఒక ప్రయత్నం తప్పితే కిందిదాకా దిగిపోకుండా, పైనే ఆగి మళ్లీ ప్రయత్నించడానికి. ఆ అక్టోబరులో శిఖరం చేరారు. మూడోసారి ఆయన కూడగట్టుకున్నది రోజుల్నే. ఆ ప్రయాణంలో దారి చూపినవాడిగా అక్కడి చాగా జాతి యువకుడు యొహాని లావువోను టాంజానియాలో ఇప్పటికీ తలచుకుంటారు.

మన జిల్లా పేజీల్లో జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడుతుంటే కిలిమంజారో మీద జెండా పట్టుకున్న ఫొటోలు వస్తాయి, గమనించారా? దేశభక్తి సంగతి అలా ఉంచితే, ఆ రెండు తేదీలూ వాతావరణానికి సరిగ్గా సరిపోవడం అదృష్టం. జనవరి నుంచి మార్చి మొదటి భాగం దాకా ఒకటి, జూన్ నుంచి అక్టోబర్ దాకా ఒకటి, రెండు పొడి కాలాలు. మార్చి మధ్య నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు. జూలై, ఆగస్టుల్లో ఆకాశం తేటగా ఉంటుంది గానీ దారుల్లో జాతరే. పౌర్ణమి నాటికి శిఖరం రాత్రి వచ్చేలా చూసుకుంటే వెన్నెల్లో నడవొచ్చు.

ఆ ఫొటోల్లో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణను గుర్తుచేసుకోవాలి, 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కి, 2016లో కిలిమంజారోకు వెళ్లింది. అంతకు పదేళ్ల ముందు, 2006లో, నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో చుట్టేశాడు, అందులో ఇదీ ఒకటి. వాళ్ల ఫొటోలు చూసి వాళ్ల టైమ్‌టేబుల్ మనకు పెట్టుకోకూడదు. ఎత్తులో వాళ్లు గడిపిన నెలలు ఆ ఫొటోల్లో కనపడవు.

కాగితాల పని చిన్నదే గానీ ఒకచోట కాలు జారుతుంది. వీసా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. జారేది ఎల్లో ఫీవర్ దగ్గర. ఇథియోపియా, కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాలు. అక్కడ విమానం మారేటప్పుడు 12 గంటలు దాటినా, విమానాశ్రయం దాటి బయటికి అడుగుపెట్టినా టాంజానియాలో టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు అడుగుతారు. తిరుగు ప్రయాణంలో మనవాళ్లు ఇంకా గట్టిగా ఉంటారు, కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటీన్‌లో పెట్టగలరు. ఎనిమిది సెలవులకే చచ్చిచెడిన వాడికి ఇంకో ఆరు రోజులు! ఆ టీకా మామూలు ఆస్పత్రుల్లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. వేయించుకున్న పది రోజులకు గానీ చెల్లుబాటు కాదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. ఇన్సూరెన్స్ పాలసీలో ఎత్తు గురించి ఏం రాశారో చదవండి. చాలావాటిలో ఫలానా ఎత్తు దాటితే మాకు సంబంధం లేదని ఉంటుంది. 6,000 మీటర్ల దాకా, హెలికాప్టర్‌తో సహా వర్తించాలి.

ఇంకొకటి, మన అలవాటుకు అడ్డొచ్చేది. టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. అమ్మ నాలుగు కవర్లలో చుట్టి ఇచ్చిన పచ్చడి సీసాను దిగే ముందే గుడ్డ సంచిలోకి మార్చుకోవాలి. పచ్చడి మాత్రం తీసుకెళ్లండి. వంటవాళ్లు శాకాహారం బాగానే వండుతారు, అన్నం, సూపులు, కూరలు, స్వాహిలీలో కూడా చపాతీని చపాతీ అనే అంటారు. కానీ 4,000 దాటాక ఏదీ నోటికి పోదు. అప్పుడు కాస్త గోంగూరో, నిమ్మకాయ కారమో నాలుకకు తగిలితే రెండు ముద్దలు దిగుతాయి. ఆ రెండు ముద్దలే శిఖరం రాత్రికి ఇంధనం.

ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం రాకుండా వేసుకునే, డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ గురించి అపోహలు ఎక్కువ. అది నొప్పిని కప్పిపుచ్చే మాత్ర కాదు. ఇందాక చెప్పిన మూత్రపిండాల పనినే, బైకార్బొనేట్‌ను బయటికి పంపడాన్ని, ముందుగా మొదలుపెట్టిస్తుంది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే లోహం రుచి వస్తుంది, రాత్రి రెండుసార్లు టెంట్ జిప్పు తీయాల్సి వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లకు ఇబ్బంది కావచ్చు. కాబట్టి డాక్టర్‌ను అడిగి, ఇంటిదగ్గరే ఒకటి రెండు రోజులు వేసి చూసుకోవాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించడం మాత్రం హెల్మెట్ పెట్టుకున్నాం కదా అని సిగ్నల్ దాటేయడం లాంటిది.

శిఖరం రాత్రి ఎలా ఉంటుందంటే, పదకొండుకు లేపుతారు. టెంట్ లోపలి గుడ్డకు మన ఊపిరే మంచుపొరలా అంటుకుని, లేచి కూర్చోగానే మెడ మీద రాలుతుంది. అల్లం టీ, రెండు బిస్కెట్లు. ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి. పైన మైనస్ 10 నుంచి 20 దాకా ఉండొచ్చు, గాలి వీస్తే ఇంకా. నీళ్ల సంచికి ఉండే గొట్టం గంటలో గడ్డకడుతుంది, అందుకే సీసా తీసుకెళ్లి, తలకిందులుగా పెట్టుకోవాలి. మంచు ముందు పైభాగంలో కడుతుంది కదా, మూత వైపు నీళ్లుంటాయి. ఫోన్ లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, లేకపోతే శిఖరం మీద తీసేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. బయట చీకటి. పైన కొండ ఎక్కడ ఆగి నక్షత్రాలు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా హెడ్‌ల్యాంపుల వరస. ముందున్నవాడి మడమలు చూస్తూ ఒక అడుగు, ఒక ఊపిరి. చెరువుగట్టు మీద ఇసుకలో నడిచినట్టు వదులు కంకర, రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. రాత్రి చలికి ఆ కంకర కాస్తైనా బిగుసుకుని ఉంటుంది, పొద్దెక్కితే ఇంకా జారుతుంది, మబ్బులూ కమ్ముతాయి, అందుకే ఈ అర్ధరాత్రి ప్రయాణం. ఆరేడు గంటలకు అంచు మీద స్టెల్లా పాయింట్, అక్కడి నుంచి ఉహూరుకు ఇంకో ముప్పావు గంట. పక్కన హిమానీనదం గోడలు తెల్లగా, నీలంగా. 1912 నుంచి ఇప్పటికి ఆ మంచులో 80 శాతానికి పైగా కరిగిపోయింది. అక్కడ పదిహేను నిమిషాలకు మించి ఉండనివ్వరు. అదే రోజు 3,100 మీటర్ల దగ్గరి మ్వేకా మకాం దాకా దిగాలి. మోకాళ్లు ఏడ్చేది అప్పుడే. తిరుమల మెట్లతో సాధన చేసేవాళ్లు ఎక్కడమే కాదు, బరువు సంచితో దిగడం కూడా చేయాల్సింది అందుకే.

ఎత్తులో ఏ నలత వచ్చినా, వేరే కారణం తేలేదాకా, ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోవాలి. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం ఉంటే ఇంకా పైకి పోకూడదు, అక్కడే ఆగి చూడాలి. తగ్గకపోతే దిగాలి. ఒక కాలి మడమకు ఇంకో కాలి బొటనవేలు ఆనించి తాడు మీద నడిచినట్టు నాలుగడుగులు వేయమంటే తూలుతున్నాడా, మాట పొంతన తప్పిందా, మెదడు వాస్తోంది. కూర్చున్నచోటే ఆయాసపడుతున్నాడా, దగ్గు ఆగడం లేదా, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఈ రెండిటికీ అర్ధరాత్రైనా సరే కిందికి దించడమే వైద్యం, తెల్లారేదాకా ఆగకూడదు. మనవాళ్లలో ఒక జబ్బుంది, ఇంత డబ్బు పెట్టి వచ్చాం కదా అని గైడ్‌కు తలనొప్పి సంగతి చెప్పకుండా దాచడం. గైడ్ రోజూ వేలికి పెట్టి చూసే ఆక్సిమీటర్ అంకె కంటే మనం నోరు విప్పి చెప్పే మాటే ఎక్కువ ఉపయోగం.

మావాడు చివరికి మేనేజర్‌ను అడిగాడు. ఎనిమిది కుదరదన్నారట, ఆరు ఇచ్చారు. జాంజిబార్ ఎగిరిపోయింది. జనవరి నెలాఖరుకు ఏడు రోజుల మచామే, కరంగా రాత్రితో సహా. టీకా ఇంకా వేయించుకోలేదు గానీ బూట్లు మాత్రం అప్పుడే కొనేశాడు. కొత్త బూట్లతో కొండెక్కితే కాళ్లు బొబ్బలెక్కుతాయని చెప్పానని, రోజూ అవే వేసుకుని ఆఫీసుకు పోతున్నాడట, లిఫ్ట్ మానేసి పద్నాలుగో అంతస్తు దాకా మెట్ల మీద.